ఛాయాచిత్ర శిల్పి రాజా దీనదయాళ్

నూట ముప్పై సంవత్సరాల క్రితం హైదరాబాదు నగరం ఎలా ఉండేదో తెలుసుకోగోరేవారికి గ్రంథాలు కొంతవరకే తోడ్పడతాయి. చార్మినారు చుట్టూ ఉన్న వీధులలో ఆనాడు ఎటువంటి బండ్లు తిరిగేవో, దర్బారుకు వచ్చిన జాగీర్దారులు ఎటువంటి తలపాగాలు ధరించేవారో, నేడు ఆనవాలు లేకుండా పోయిన బషీర్‌బాగ్ రాజభవనపు విశాలమైన గదులలో ఏ వస్తువు ఎక్కడ ఉండేదో చెప్పగలిగినవి అక్షరాలు కావు, గాజుపలకలు. ఆ గాజుపలకలపై నిజాం రాజ్యపు వైభవాన్నీ, అక్కడక్కడ దాని దైన్యాన్నీ నిలిపిన మహనీయుడు రాజా దీనదయాళ్. ఆయన పుట్టుకచేత తెలుగువారు కారు. అయినప్పటికీ సికింద్రాబాదును తన కార్యక్షేత్రంగా చేసుకొని, జీవితంలోని ఉత్తమభాగాన్ని ఈ నేలపైనే గడిపినందువల్ల ఆయనను మనవారిగా చెప్పుకోవడంలో తప్పులేదు.

దీనదయాళ్ 1844వ సంవత్సరంలో మీరట్ నగరానికి సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వారిది రత్నాలను, ఆభరణాలను పరీక్షించి వెలకట్టే వృత్తి. బంగారంలో ఎంత తరుగు ఉందో, రాతిలో ఎంత కాంతి ఉందో కంటితో చూచి చెప్పగలిగే నేర్పు ఆ ఇంట వంశపారంపర్యంగా వచ్చింది. దీనదయాళ్ మాత్రం ఆ వృత్తిలోకి దిగక, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరారు. అక్కడ సర్వే చేయడం, పటాలు గీయడం, కట్టడాలకయ్యే వ్యయాన్ని అంచనా కట్టడం అభ్యసించి, 1866లో ఇండోరు నగరంలోని ప్రజాపనుల శాఖలో ఉద్యోగం పొందారు. అంచనాలు వేయడం, నమూనా చిత్రాలు గీయడం ఆయన ప్రధాన బాధ్యత. ఒక వంతెనకు ఎంత రాయి కావాలి, ఎంత సున్నం కావాలి, ఎందరు కూలీలు ఎన్ని దినాలు పనిచేయాలి అన్నది లెక్కించి చెప్పడంలో ఆయన పగళ్ళు గడిచేవి. ఈ విషయాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. తరువాతి కాలంలో కళాకారుడిగా ఎంతటి కీర్తి గడించినా, ఆయనలోని అంచనాల ఉద్యోగి ఏనాడూ విశ్రమించలేదు.

1874 ప్రాంతంలో ఆయనకు ఛాయాచిత్రకళపై ఆసక్తి కలిగింది. మొదట అది సెలవు దినాల వినోదమే. ఆ వినోదం ఎంత ఖరీదైనదో నేటి తరం ఊహించడం కష్టం. జేబులోని ఫోనును తీసి నొక్కితే చిత్రం వచ్చే రోజులు ఇవి. ఆనాడు కెమెరా అంటే మంచి టేకు చెక్కతో, ఇత్తడి బందులతో చేసిన పెద్ద పెట్టె. దానికి ముందు భాగంలో మడతలు మడతలుగా సాగే తోలుతిత్తి, దాని కొసన ఒక చెక్కపలక, ఆ పలకలో బిగించిన కటకం ఉండేవి. పెట్టెను నిలబెట్టడానికి బరువైన ముక్కాలి పీట కావాలి. చిత్రం తీసే గాజుపలక ఎంత ఉంటే కాగితంపై వచ్చే చిత్రం అంతే ఉండేది. పలకను కాగితానికి ఆనించి ఎండలో పెట్టి ముద్రించడమే ఆనాటి పద్ధతి కాబట్టి, పెద్ద చిత్రం కావాలంటే పెద్ద పలక, పెద్ద పలకకు పెద్ద కెమెరా, దానికి తగిన పెద్ద కటకం కావలసి వచ్చేవి. పరిమాణం ఒక మెట్టు పెరిగితే ఖర్చు నాలుగు మెట్లు పెరిగేది.

గాజుపలకను సిద్ధం చేయడం మరొక తపస్సు. 1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టిన తడిపలక పద్ధతి అప్పటికి వాడుకలో ఉంది. కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని గాజుపై సమంగా పోసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే చీకటిగదిలో రసాయనాలతో కడగాలి. తడి ఆరితే పలక వ్యర్థం. అందువల్ల ఛాయాగ్రాహకుడు ఎక్కడికి పోతే చీకటి గుడారం అక్కడికి రావాలి. గాజుపలకల పెట్టెలు, రసాయనాల సీసాలు, నీటి కుండలు ఎద్దుబండ్లపై వెంట నడవాలి. ముద్రించే కాగితానికి కోడిగ్రుడ్ల తెల్లసొన పూత. చిత్రం కాలక్రమంలో వెలిసిపోకుండా ఉండడానికి బంగారు లవణంతో చివరి స్నానం. వెండి, బంగారం, గ్రుడ్డు, గాజు, ఎండ — ఇన్నింటి కలయిక ఒక్క ఛాయాచిత్రం! రత్నాల వర్తకుల ఇంట పుట్టినవానికి ఈ కళ రుచించడంలో ఆశ్చర్యమేమున్నది?

ఇక్కడ కటకం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. నేడు కటకాలు మార్చుకొనే సౌకర్యం గల కెమెరాలను కొత్త వస్తువులుగా భావించేవారు ఉన్నారు. నిజానికి ఆనాటి చెక్క కెమెరాలన్నీ అటువంటివే. పెట్టెను ఒక వడ్రంగి చేసేవాడు, కటకాన్ని మరొక దేశంలోని గాజునిపుణుడు అరగదీసేవాడు. కొనుగోలుదారుడు రెండింటినీ వేర్వేరుగా కొని, కటకమున్న పలకను పెట్టెకు తగిలించుకొనేవాడు. ముఖచిత్రాలకు ఒక రకం కటకం, భవనాలకు మరొక రకం. 1840లో పెట్జ్‌వాల్ అనే గణితశాస్త్రవేత్త రూపొందించిన కటకం వెలుతురును ధారాళంగా లోనికి రానిచ్చి, మనిషి కదలకుండా కూర్చోవలసిన కాలాన్ని తగ్గించింది. కాని దానితో దేవాలయ స్తంభాన్ని చిత్రిస్తే అంచులు చెదిరిపోయేవి. 1866లో లండన్‌లో డాల్‌మేయర్ తయారుచేసిన కటకం వంటివి సరళరేఖలను సరళరేఖలుగానే చూపేవి. కట్టడాలను చిత్రించేవారికి అటువంటివి ప్రాణప్రదం. పెట్టె చెడిపోతే మన ఊరి వడ్రంగి బాగుచేయగలడు. కటకం పగిలితే సముద్రం దాటి రావలసిందే. అందుచేత తెలివైన ఛాయాగ్రాహకుడు పెట్టెపై పొదుపు చేసి కటకంపై ఖర్చు పెట్టేవాడు. నేటికీ కెమెరా దుకాణంలో అనుభవజ్ఞులు తొలిసారి కొనేవారికి చెప్పే సలహా ఇదే కావడం గమనించదగినది.

దీనదయాళ్ కృషికి ఇండోరులో మంచి ఆదరణ లభించింది. హోల్కరు మహారాజు రెండవ తుకోజీరావు, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875–76లో ఇంగ్లండు యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఆయన చిత్రాలు తీసే అవకాశం పొందారు. అంతకంటె ముఖ్యమైనది 1882లో జరిగిన బుందేల్‌ఖండ్ యాత్ర. సర్ లెపెల్ గ్రిఫిన్ అనే అధికారి వెంట ఆయన గ్వాలియరు, ఖజురాహో, సాంచి వంటి స్థలాలు తిరిగి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలలో ఎనభై ఆరింటితో 1886లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల గ్రంథం వెలువడింది. ఆ చిత్రాలను చూచినవారికి ఒక సంగతి వెంటనే స్ఫురిస్తుంది. కోటగోడ ఎత్తు తెలియడానికి దాని పాదం వద్ద ఒక మనిషిని నిలబెట్టడం, నీడలు శిల్పాన్ని మింగివేయని సమయాన్ని ఎన్నుకోవడం, నిలువు గీతలు ఒరిగిపోకుండా కెమెరాను సరిచేయడం — ఇవన్నీ రూర్కీలో పటాలు గీయడం నేర్చిన చేతి లక్షణాలు.

ఇప్పుడు ఆయన జీవితంలో కఠినమైన నిర్ణయం ఎదురైంది. ప్రభుత్వోద్యోగం అంటే నెలనెలా వచ్చే జీతం, వృద్ధాప్యంలో భరోసా. ఛాయాచిత్రకళ అంటే గాజు పగిలినా, ఎండ లేకపోయినా, సంస్థానాధీశుడు బాకీ తీర్చకపోయినా తానే భరించవలసిన వ్యాపారం. భార్యాబిడ్డలు గల మధ్యవయస్కుడు ఏ దారిని ఎన్నుకోవాలి? అంచనాలు వేయడమే వృత్తిగా బ్రతికిన మనిషి ఈ లెక్కను ఎన్నిమార్లు వేసుకొని ఉంటారో మనం ఊహించుకోవచ్చు. చివరకు ఆయన ఉద్యోగాన్ని వదులుకున్నారు. 1885లో వైస్రాయి ఛాయాగ్రాహకుడిగా నియమితులయ్యారు. ఆ కాలంలోనే హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువు నుండి పిలుపు వచ్చింది.

మహబూబ్ అలీఖాన్ శైశవంలోనే, 1869లో, సింహాసనానికి వారసుడైనప్పటికీ, పరిపాలనాధికారాలను 1884లో మాత్రమే స్వీకరించారు. అప్పటికి ఆయన పదిహేడేళ్ళ యువకుడు. తన రాజ్యాన్ని, రాజభవనాలను, వేటలను, సైన్యాన్ని లోకానికి చూపాలన్న కోరిక ఆయనకు ఉండేది. దీనదయాళ్ సికింద్రాబాదులో చిత్రశాలను నెలకొల్పి, కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్‌లను తోడు చేసుకొని పని ప్రారంభించారు. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు, చౌమహల్లా, అప్పుడప్పుడే కొండపై రూపుదిద్దుకొంటున్న ఫలక్‌నుమా, చార్మినారు చుట్టూ గల బజారులు ఆయన కెమెరాకు వస్తువులయ్యాయి. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ అనే బిరుదులను ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. యుద్ధవీరులకిచ్చే బిరుదును చిత్రకారునికి ఇవ్వడం సరసంగానే ఉంది. ఎద్దుబండ్లతో, గుడారాలతో, సహాయకుల దండుతో ఆయన బయలుదేరడం చూచినవారికి అది దండయాత్రగానే తోచి ఉంటుంది.

ఆ కాలానికి తడిపలకలు పోయి పొడిపలకలు వచ్చాయి. కర్మాగారంలో పూత పూసి, ఆరబెట్టి, పెట్టెలలో అమ్మే ఈ పలకలతో చీకటి గుడారం బాధ తప్పింది. అయితే దక్కన్ ఎండలు వాటికి సరిపడలేదు. పలకపై పూసే జెలాటిన్ వేడినీటిలో మెత్తబడి ఊడిపోయే స్వభావం కలది. వేసవిలో నీటిని చల్లబరచుకొని, రాత్రివేళ పని జరుపుకొనడం ఈ వృత్తిలోని వారందరికీ తప్పనిసరి అయ్యేది.

చిత్రశాలకు రాజులు, నవాబులు, ఆంగ్ల అధికారులు వచ్చేవారు. వారే కాక వర్తకులు, ఉద్యోగులు కూడ తమ రూపాన్ని కాగితంపై చూచుకోవాలని ఆశపడేవారు. వారి కోసం చిన్న పరిమాణపు చిత్రాలు వాడుకలోకి వచ్చాయి. 1854లో పారిసు నగరంలో డిస్డెరి అనే ఛాయాగ్రాహకుడు ఒకే గాజుపలకపై ఎనిమిది చిన్న చిత్రాలు తీసే పద్ధతికి హక్కు పొందారు. ఒక పలక ఖర్చును ఎనిమిది చిత్రాలు పంచుకోవడంతో వెల తగ్గింది. ఈ చిన్న అట్టచిత్రాలు, వాటికన్న కొంచెం పెద్దవైన కేబినెట్ చిత్రాలు ఇంటింటి ఆల్బములలోకి ప్రవేశించాయి. గొప్పవారికే పరిమితమైన వస్తువు కొంత చౌక కావడానికి ఇది తొలిమెట్టు.

ఆ రోజులలో ఘోషాను పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుని చిత్రం తీయించుకోలేరు. ఈ ఇబ్బందిని గమనించి దీనదయాళ్ 1892లో స్త్రీలకొరకు ప్రత్యేకంగా ఒక చిత్రశాలను తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఇందులో వ్యాపారదృష్టి లేదని అనలేము. సగం జనాభాను వదులుకోవడం ఏ వర్తకునికీ లాభం కాదు. అయినా ఆ ఏర్పాటు వల్ల ఇంటి గడప దాటని స్త్రీలకు కూడ తమ ముఖం తరువాతి తరాలకు మిగిలే అవకాశం కలిగింది.

వెల వేరు, విలువ వేరు అన్న మాటను మనం తరచుగా వింటాం. హైదరాబాదు నగరపు అంచున, రంగారెడ్డి జిల్లాలోని బాలాపూర్‌ను ఉదాహరణగా తీసుకొందాం. అక్కడ వినాయక నిమజ్జనం నాడు బొడ్రాయి వద్ద స్వామివారి చేతిలోని లడ్డూను వేలం వేస్తారు. 1994లో మొదటి వేలంలో ఆ లడ్డూ 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలు పలికింది. శనగపిండి, చక్కెర, నెయ్యి వెలలు పెరిగినందువల్ల ఈ ధర వచ్చిందని ఎవరూ అనరు. కొనేవారి నమ్మకం, ఊరి గౌరవం, పొలంలో ఆ ప్రసాదాన్ని చల్లితే పంట పండుతుందన్న విశ్వాసం అందులో కలిసి ఉన్నాయి. ఛాయాచిత్రం సంగతి దీనికి కొంత దగ్గరగానూ, కొంత దూరంగానూ ఉంటుంది. కాగితం, గ్రుడ్డుసొన, వెండి లవణం కలిపితే అయ్యే ఖర్చును ఎవరైనా లెక్కకట్టవచ్చు. కాని తీసిన నాడు నవాబు ఇచ్చిన రుసుము ఒక వెల; ఆ భవనం కూలిపోయిన తరువాత అదే చిత్రానికి వచ్చిన విలువ మరొకటి. లడ్డూ విలువ పంచుకొని తినడంతో తీరుతుంది. చిత్రం విలువ అందులోని వస్తువు నశించిన కొద్దీ పెరుగుతుంది.

దీనదయాళ్ సికింద్రాబాదులో ఇలా కీర్తి గడిస్తున్న రోజులలోనే, సముద్రానికి ఆవల మరొక మార్పు జరుగుతూ ఉంది. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడక్ అనే చిన్న కెమెరాను 25 డాలర్లకు విడుదల చేశారు. అందులో నూరు చిత్రాలకు సరిపడే ఫిలిం చుట్ట ముందే అమర్చి ఉండేది. చిత్రాలన్నీ తీసిన తరువాత కెమెరాను కర్మాగారానికి పంపితే, 10 డాలర్లు తీసుకొని, చిత్రాలను ముద్రించి, కొత్త చుట్టను పెట్టి తిరిగి పంపేవారు. 25 డాలర్లు అంటే ఆనాటి మారకంలో సుమారు 75 ఆంగ్లప్రభుత్వపు రూపాయలు. హైదరాబాదులో చెలామణిలో ఉన్న హాలీ సిక్కా రూపాయలలో ఇంకా ఎక్కువ. సాధారణ గుమాస్తాకు అది కొన్ని నెలల జీతం. కనుక కొడక్ వల్ల దీనదయాళ్ వంటివారికి వెంటనే నష్టం కలుగలేదు. కాని 1900లో అదే సంస్థ బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను ఒకే ఒక్క డాలరుకు అమ్మజూపింది. ఆరు చిత్రాల ఫిలిం 15 సెంట్లు. అంటే కెమెరా మూడు రూపాయలు, ఫిలిం అర్ధరూపాయి కంటె తక్కువ!

ఆ మూడు రూపాయల పెట్టెలో కటకం మార్చే వీలు లేదు. చీకటిలో చిత్రం రాదు. దూరాన ఉన్నది దగ్గర కాదు. దీనదయాళ్ టేకు కెమెరాతో పోలిస్తే అది పిల్లల ఆటబొమ్మ. అయినా ఛాయాచిత్రకళను దర్బారు నుండి పెరటిలోకి తెచ్చింది ఆ ఆటబొమ్మే. ఇక్కడ ఎవరిది గెలుపు అని అడగడం సరికాదు. చౌకవస్తువు లక్షలమందికి చేతికందింది. ఖరీదైన వస్తువు చేసిన పనిని అది చేయలేకపోయింది. ఫలక్‌నుమా భవనంలోని నగిషీని బ్రౌనీతో పట్టుకోవడం అసాధ్యం. మంచి కటకాన్నీ, మార్చుకొనే సౌలభ్యాన్నీ, సామాన్యునికి అందే ధరనూ ఒకే పెట్టెలో కూర్చడానికి లోకానికి మరొక శతాబ్ది పట్టింది. 1930లో జర్మనీవారి లైకా చిన్న ఫిలిం కెమెరాకు మర కటకాలు వచ్చాయి గాని, అది ధనికుల వస్తువు. 1959లో జపాను నుండి నికాన్ ఎఫ్ వచ్చింది. 2003లో కానన్ సంస్థ కటకాలు మార్చుకొనే డిజిటల్ కెమెరాను వేయి డాలర్లలోపు ధరకు అమ్మినప్పుడు దానిని గొప్ప విశేషంగా చెప్పుకున్నారు. మన దేశంలో అది కూడ మధ్యతరగతి ఇంటికి చిన్న మొత్తం కాదు. అయినా పెండ్లి చిత్రాలతో జీవనం సాగించాలనుకొనే యువకునికి ఆ తరగతి కెమెరాయే తొలి పెట్టుబడి అయింది. మొదట దానితో వచ్చే మామూలు కటకంతో పని నేర్చుకొని, సంపాదన పెరిగిన కొద్దీ మంచి కటకాలు కొనుక్కోవడం, పెట్టె పాతబడితే కటకాలను ఉంచుకొని పెట్టెను మార్చుకోవడం ఈ వృత్తిలో ఆనవాయితీ. కొనేటప్పుడు పెట్టె వెలను మాత్రమే చూచి, దానికి సరిపడే కటకాలు ఎన్ని దొరుకుతాయి, ఎంతకు దొరుకుతాయి అని విచారించనివారు తరువాత చిక్కులలో పడతారు. టేకు పెట్టెల నాటి లెక్కకూ దీనికీ పెద్ద తేడా లేదు.

మళ్ళీ మన కథానాయకుని వద్దకు వద్దాం. 1893లో అమెరికాలోని షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు గుర్తింపు లభించింది. విక్టోరియా మహారాణి ఛాయాగ్రాహకుడన్న గౌరవమూ దక్కింది. 1896లో బొంబాయిలో మరొక గొప్ప చిత్రశాలను తెరిచారు. బొంబాయి వంటి నగరంలో విశాలమైన భవనం, ఎందరో సహాయకులు, విదేశీ సామగ్రి — ఇవన్నీ భారీ వ్యయంతో కూడినవి. తన జీవితంలో అంచనాలను ఇంత ధైర్యంగా దాటిన సందర్భం మరొకటి లేదని చెప్పవచ్చు.

1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదుకు వచ్చారు. బీరారు ప్రాంతాన్ని గురించి నిజాంతో జరిపిన సంప్రదింపులే ఆ రాకలోని అసలు ప్రయోజనం. ఆ తరువాత ఏప్రిల్ మాసంలో వరంగల్ జిల్లా నెక్కొండ వద్ద వైస్రాయి దంపతులకు వేట ఏర్పాటయింది. చచ్చిపడిన పులి ఎదుట వారు నిలబడి ఉన్న చిత్రం దీనదయాళ్ సంస్థ చిత్రాలన్నింటిలో బహుళ ప్రచారం పొందింది. నేటికీ బ్రిటిష్ పాలనను గురించిన గ్రంథాలలో అది కనిపిస్తూ ఉంటుంది. చిత్రం కింద దొరవారి పేరు, దొరసాని పేరు, ఊరి పేరు ఉన్నాయి. డప్పులు కొట్టి అడవిని గాలించి పులిని తుపాకి ఎదుటికి తోలే పల్లెవారి పేర్లకు అటువంటి చిత్రాల కింద చోటు ఉండేది కాదు. వేట చిత్రాన్ని తీయించుకొన్నది వారు కాదు కదా!

ఈ లోపాన్ని దీనదయాళ్‌కు మాత్రమే అంటగట్టడం న్యాయం కాదు. ఎవరు రుసుము చెల్లిస్తే వారి కోరిక మేరకు పనిచేయడం వృత్తిధర్మం. పైగా ఆయన సంస్థ రాజభవనాలతోనే ఆగిపోలేదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో దక్కన్ దారుణమైన కరువులకు గురైంది. నిజాం ప్రభుత్వం చేపట్టిన కరువు సహాయ కార్యక్రమాలను చిత్రించే పని కూడ ఆ సంస్థ నిర్వహించింది. ప్రభుత్వం తన ఉదారతను చూపుకోవడానికే ఆ చిత్రాలను కోరి ఉండవచ్చు. కాని కటకానికి ఉదారత కనిపించదు. ఎదుట నిలబడిన మనిషి ఎముకలు కనిపిస్తాయి. ఒక్క పైసా చెల్లించలేని ఆ బీదలు, లక్షలు గల జాగీర్దారులు అదే రకం పలకపై, అదే వెండి పూతలో నిలిచిపోయారు. ఇన్ని దర్బారు చిత్రాలలో కంటె నాకు ఆ కొద్దిపాటి కరువు చిత్రాలలోనే దీనదయాళ్ కన్ను ఎక్కువ ప్రకాశించినట్లు తోస్తుంది.

1903లో ఢిల్లీలో జరిగిన దర్బారు ఆయన చిత్రించిన మహోత్సవాలలో దాదాపు చివరిది. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. తనతో కలిసి చీకటిగదిలో పనిచేసిన బిడ్డ కనుల ముందే పోవడం వృద్ధుడైన తండ్రికి తీరని దుఃఖం. మరుసటి సంవత్సరం, 1905 జూలై 5వ తేదీన, దీనదయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఒకటి. జ్ఞానచంద్ సంస్థను కొంతకాలం నడిపినప్పటికీ, మునుపటి వైభవం తిరిగి రాలేదు. నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించారు. జ్ఞానచంద్ కూడ 1919లో గతించారు.

మిగిలినవి గాజుపలకలు. కొనేవారు లేని గాజు నెగటివుకు ఆ రోజులలో పట్టే గతి సాధారణంగా ఒక్కటే. పైనున్న పూతను గీకివేసి, గాజును కిటికీలకో, పటాల చట్రాలకో అమ్ముకొనేవారు. ప్రపంచమంతటా ఎందరో ఛాయాగ్రాహకుల జీవితకృషి ఈ విధంగా కిటికీ అద్దాలుగా మారింది. ఆ లెక్కన చూస్తే దీనదయాళ్ పలకల వెల గాజు వెలే. ఆయన వారసులు వాటిలో కొన్నింటిని దశాబ్దాల తరబడి, వేడిమికీ తేమకూ దూరంగా, భద్రంగా కాపాడుకున్నారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వారి వద్దనుండి 2857 గాజుపలకలను సేకరించింది. ఆయన తీసినవాటిలో ఇవి ఒక భాగం మాత్రమే. 2006 నవంబరులో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా 5 రూపాయల తపాలాబిళ్ళను వెలువరించింది.

కళాకేంద్రంలోని ఆ పలకలనుండి తీసిన ముద్రణలు అప్పుడప్పుడు ప్రదర్శనలకు వస్తూ ఉంటాయి. హైదరాబాదు వీధుల దృశ్యాలలో కొన్నిచోట్ల, కట్టడం మధ్యలో, పొగమంచు వంటి మసక ఆకారాలు కనిపిస్తాయి. పలక వెలుతురును గ్రహించే ఆ కొద్ది క్షణాలు నిలబడకుండా నడిచిపోయిన బాటసారులు వారు.